మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్: పిల్లలతో, పెద్దవాళ్లతో ఒక్క రోజులో సరిహద్దు దాటి రావడానికి సమగ్ర మార్గదర్శి

మ్యూనిక్‌లో ఉండే తెలుగు కుటుంబాలకు ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు ముందుగా తట్టే ఊళ్లలో సాల్జ్‌బర్గ్ ఒకటి. రైలెక్కితే దాదాపు రెండు గంటల్లో ఆస్ట్రియాలో దిగుతాం. అక్కడా యూరోలే, అక్కడా జర్మన్ భాషే, ఫోనులో సిమ్ మార్చే పని లేదు. ఇంత సులువుగా కనిపించడమే దీనితో వచ్చిన చిక్కు. పక్క ఊరికి వెళ్తున్నట్టు పాస్‌పోర్టులు బీరువాలో వదిలేసి బయల్దేరేవాళ్లున్నారు. పది చోట్ల పేర్లు రాసుకుని వెళ్లి, మూడో చోటికే పెద్దవాళ్ల మోకాళ్లు నొప్పి పెట్టి, పిల్లలు ఏడుపు మొదలుపెట్టి, మిగతా రోజంతా బెంచీల మీద గడిపేవాళ్లూ ఉన్నారు.

నా సలహా ఒక్కటే. కాగితాలు, టికెట్టు విషయంలో ఎంత పట్టుదలగా ఉండాలో, చూడవలసిన చోట్ల విషయంలో అంత ఉదారంగా వదులుకోవాలి. కోట ఒకటి, పాత ఊళ్లో నడక ఒకటి, మధ్యాహ్నానికి పిల్లలు ఆడుకునే చోటు ఒకటి. ఈ మూడూ తీరికగా చూస్తే రోజు నిండుతుంది.

మొదటి మెట్టు: కాగితాలు

జర్మనీ, ఆస్ట్రియా రెండూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలోవి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవారు, బ్లూ కార్డు ఉన్నవారు, మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా తిరగవచ్చు. వేరే వీసా అక్కర్లేదు. అయితే పర్మిట్ కార్డు ఒక్కటే జేబులో ఉంటే సరిపోదు, దానితో పాటు అసలు పాస్‌పోర్టు ఉండాలి. ఫోనులో ఫొటో, జిరాక్సు కాపీ లెక్కలోకి రావు.

తనిఖీ ఎక్కడ ఉంటుందో కూడా తెలుసుకోండి. 2015 సెప్టెంబరులో వలసలు వెల్లువెత్తినప్పుడు ఆస్ట్రియా సరిహద్దులో జర్మనీ తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి వాటిని పొడిగిస్తూనే వస్తున్నారు. వెళ్లేటప్పుడు సాధారణంగా ఎవరూ అడగరు. తిరిగి వచ్చేటప్పుడు సరిహద్దు దాటగానే జర్మనీ వైపు వచ్చే ఫ్రైలాసింగ్ స్టేషన్‌లోనో, కదిలే రైల్లోనో పోలీసులు వచ్చి చూస్తారు. అందువల్ల ‘పోయినసారి ఎవరూ అడగలేదు’ అని స్నేహితులు చెప్పే మాట నమ్మకండి.

ఇంట్లో ఒక్కొక్కరి కాగితాలూ విడిగా చూడండి.

- పిల్లల భారతీయ పాస్‌పోర్టు ఐదేళ్లకే ముగుస్తుంది. పెద్దవాళ్లది పదేళ్లు కదా అన్న ధీమాలో పిల్లల తేదీని మరిచిపోతాం. వాళ్ల పర్మిట్ కార్డు గడువు కూడా చూడండి.
- జర్మనీలో పుట్టిన పసిబిడ్డకు ఇంకా పాస్‌పోర్టు, పర్మిట్ రాకపోతే ఈ ప్రయాణం వాయిదా వేసుకోండి. జనన ధ్రువపత్రం సరిహద్దు దాటడానికి పనికిరాదు.
- సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకు ‘సింగిల్ ఎంట్రీ’ అని ఉన్నా సాల్జ్‌బర్గ్ వెళ్లి రావచ్చు. షెంగెన్ లోపలే తిరుగుతున్నారు కాబట్టి ఆ ఎంట్రీ ముగిసిపోదు. (లండన్ వెళ్తే మాత్రం ముగిసిపోతుంది. ఈ తేడా వాళ్లకు ముందే వివరంగా చెప్పండి, లేదంటే రైల్లో పోలీసులు కనిపించగానే కంగారు పడతారు.)
- పర్మిట్ రెన్యువల్‌లో ఉండి, చేతిలో తాత్కాలిక పత్రం మాత్రమే ఉన్నవారు విదేశీయుల కార్యాలయంలో రాతపూర్వకంగా అడగకుండా సరిహద్దు దాటకండి. ఆ పత్రాల్లో రకాలున్నాయి, అన్నిటికీ ఒకే హక్కులు ఉండవు.

జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు వెనకవైపే యూరోపియన్ ఆరోగ్య కార్డు ఉంటుంది, అది ఆస్ట్రియాలో పనిచేస్తుంది. పెద్దవాళ్ల ప్రయాణ బీమా పత్రం ఫోనులో దాచుకోండి. అత్యవసర నంబరు రెండు దేశాల్లోనూ 112.

రెండో మెట్టు: టికెట్టు

డబ్బు ఆదా అయ్యేదీ, తేడా వస్తే జరిమానా పడేదీ ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బయర్న్ టికెట్ బవేరియా రాష్ట్రంలో ఒక రోజు ప్రాంతీయ రైళ్లన్నిటిలో చెల్లుతుంది. సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాలో ఉన్నా, అక్కడి ప్రధాన స్టేషన్ దాకా ఈ టికెట్టే చాలు. ఒక్కరి నుంచి ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద వెళ్లవచ్చు, మనిషి పెరిగిన కొద్దీ కొంత మొత్తం కలుస్తుంది. తల్లిదండ్రులు గానీ తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలు గానీ ప్రయాణిస్తుంటే, 15 ఏళ్లు నిండని వాళ్ల సొంత పిల్లలకు, మనవలకు టికెట్ అక్కర్లేదు. మామూలు రోజుల్లో ఉదయం 9 గంటల తర్వాతే చెల్లుతుంది. శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. గడువు మర్నాడు తెల్లవారుజామున 3 గంటల వరకు. ప్రయాణించే పెద్దవాళ్లందరి పేర్లూ టికెట్ మీద రాయాలి. యంత్రం నుంచి కాగితపు టికెట్ తీసుకుంటే రైలెక్కే ముందే పెన్నుతో రాసేయండి.

డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్లలో, నగర రవాణాలో చెల్లే నెలవారీ టికెట్) ఉన్నవారికి అదే సాల్జ్‌బర్గ్ దాకా చెల్లుతుంది. కానీ అది ఒక్కరికి మాత్రమే. ఆరేళ్ల లోపు పిల్లలు ఎలాగూ ఉచితం, ఏడెనిమిదేళ్ల పిల్లను మాత్రం మీ డాయిచ్‌లాండ్ టికెట్ మీద తీసుకెళ్లలేరు. తాతయ్య, నానమ్మ వచ్చినప్పుడు దీనికి చక్కటి దారి ఉంది. వాళ్లిద్దరికీ ఇద్దరి బయర్న్ టికెట్ కొనండి. మనవలు వాళ్లతో ఉచితంగా వస్తారు. మీరిద్దరూ మీ డాయిచ్‌లాండ్ టికెట్లతో వెళ్లండి. కుటుంబం మొత్తానికి ఖర్చు ఒక్క ఇద్దరి టికెట్టే.

ఈ రెండు టికెట్లూ ప్రాంతీయ రైళ్లకే పరిమితం. మ్యూనిక్ స్టేషన్‌లో అదే సమయానికి సాల్జ్‌బర్గ్ మీదుగా వియన్నా వైపు పోయే రైల్‌జెట్, యూరోసిటీ రైళ్లు కూడా ఉంటాయి. అవి గంటన్నరలో చేరుస్తాయి, వాటిలో ఈ టికెట్లు చెల్లవు. మీరు ఎక్కవలసింది బీఆర్‌బీ సంస్థ నడిపే ఆర్‌ఈ 5. గంటకొకటి ఉంటుంది.

మూడో మెట్టు: రోజు ఎంచుకోవడం

శనివారం మంచిది. ఆదివారం ఆస్ట్రియాలో దుకాణాలు మూసి ఉంటాయి. జూలై చివరి నుంచి ఆగస్టు చివరి దాకా సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవం జరుగుతుంది. 1920 నుంచి వస్తున్న ఉత్సవం అది, ఆ వారాల్లో పాత ఊరు కిక్కిరిసి ఉంటుంది. పిల్లలతో వెళ్లేవారికి మే, జూన్, సెప్టెంబరు నెలలు హాయిగా ఉంటాయి. అక్టోబరు 3 జర్మనీకి సెలవు, ఆస్ట్రియాకు కాదు. అంటే బయర్న్ టికెట్ పొద్దున్నే చెల్లుతుంది, అక్కడ దుకాణాలూ తెరిచే ఉంటాయి. కాకపోతే రైళ్లలో జనం ఎక్కువ.

ఆ ప్రాంతంలో వాన ఎక్కువ. ఆల్ప్స్ పర్వతాలకు తగిలి మేఘాలు అక్కడే కురుస్తాయి. మ్యూనిక్‌లో ఎండ కాస్తోందని వాన కోట్లు వదిలేయకండి. ముందు రోజు రాత్రి జర్మనీ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో మీ రైలు ఒకసారి చూడండి. పట్టాల మరమ్మతులు ఉంటే కొంత దూరం రైలుకు బదులు బస్సు నడుపుతారు. పసిపిల్లల బండితో ఆ మార్పిడి చాలా కష్టం, అలాంటి రోజైతే మరో వారానికి మార్చుకోండి.

నాలుగో మెట్టు: సంచి సర్దడం

పులిహోర, పెరుగన్నం, చపాతీలు కట్టుకుంటే సగం దిగులు తీరుతుంది. పులిహోర తిరుగు రైలు దాకా నిలుస్తుంది. పెరుగన్నం మధ్యాహ్నంలోపే తినేయండి. నీళ్ల సీసాలు ఖాళీ అయినా బెంగ లేదు, సాల్జ్‌బర్గ్ కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు. పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలు, పిల్లలకు ఒక జత బట్టలు (ఎందుకో ఎనిమిదో మెట్టులో, హెల్‌బ్రున్ తోట దగ్గర చెబుతాను), మరుగుదొడ్ల కోసం 50 సెంట్ల నాణేలు కొన్ని. పాత ఊరంతా రాళ్లు పరిచిన వీధులు. చీర కట్టినా సరే, కాళ్లకు మెత్తటి బూట్లే ఉండాలి.

ఐదో మెట్టు: రైలు

ఏడు, ఎనిమిది గంటల మధ్య బయల్దేరితే పది గంటల లోపు సాల్జ్‌బర్గ్‌లో ఉంటారు. రైలు మ్యూనిక్ ఓస్ట్‌లో కూడా ఆగుతుంది. శనివారం అక్కడ ఎక్కితే కుటుంబమంతా ఒకచోట కూర్చోవడం కష్టం. ప్రధాన స్టేషన్‌కే వెళ్లి, పావుగంట ముందు ప్లాట్‌ఫారం మీద ఉండండి.

వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు కిటికీలు పట్టుకోండి. రోజెన్‌హైమ్ దాటి ప్రీన్ స్టేషన్ వచ్చాక అటువైపు కీమ్‌జే సరస్సు కనిపిస్తుంది. బవేరియాలో అన్నిటికన్నా పెద్ద సరస్సు అదే. కుడివైపు ఆల్ప్స్ వరుస. తర్వాత ట్రౌన్‌స్టైన్, ఫ్రైలాసింగ్. ఫ్రైలాసింగ్ దాటగానే రైలు జాలాఖ్ నది మీద వంతెన ఎక్కుతుంది. ఆ నదే సరిహద్దు. బోర్డు ఉండదు, గేటు ఉండదు. ‘ఇదిగో, ఇప్పుడు ఇంకో దేశంలోకి వచ్చేశాం’ అని పిల్లలకు మీరే చూపించాలి.

పెద్ద పిల్లలైతే ఇంకో సంగతి కూడా చెప్పండి. సాల్జ్‌బర్గ్ శతాబ్దాల పాటు ఉప్పు వ్యాపారంతో సంపన్నమై, ఆర్చిబిషప్పుల పాలనలో ఉన్న స్వతంత్ర రాజ్యం. 1810 నుంచి 1816 దాకా ఇది బవేరియాలో భాగం. 1816 తర్వాతే శాశ్వతంగా ఆస్ట్రియాకు వెళ్లింది. మనం ఇంత జాగ్రత్తగా పాస్‌పోర్టులు పట్టుకుని దాటే ఈ గీత వయసు అంతే.

ఆరో మెట్టు: స్టేషన్ నుంచి పాత ఊరికి

స్టేషన్ నుంచి మిరాబెల్ తోటకు నడక పది, పదిహేను నిమిషాలు. నడవలేని వారుంటే బస్సెక్కండి. తోటలోకి ప్రవేశం ఉచితం. 1606లో ఆర్చిబిషప్ వోల్ఫ్ డీట్రిష్ తన ప్రేయసి సలోమే ఆల్ట్ కోసం ఇక్కడ భవనం కట్టించాడు. పూలమళ్ల చివర నిలబడితే వాటికి సరిగ్గా ఎదురుగా, దూరంగా కొండ మీద కోట కనిపిస్తుంది. కుటుంబం ఫొటో ఇక్కడే తీసుకోండి, ఉదయం జనం పలచగా ఉంటారు. పిల్లలను పక్కనే ఉన్న మరుగుజ్జుల తోటకు తీసుకెళ్లండి. పాలరాతితో చెక్కిన పొట్టి మనుషుల బొమ్మలు రకరకాల ముఖ కవళికలతో ఉంటాయి. వాటిలా ముఖాలు పెట్టి ఆడుకుంటూ అరగంట గడిపేస్తారు.

అక్కడి నుంచి సాల్జాఖ్ నది మీద, కమ్మీలకు తాళాలు వేలాడే నడక వంతెన దాటితే గెట్రైడెగాసె వీధి వస్తుంది. ఇరుకు వీధి, తల పైకెత్తితే ఇనుముతో అల్లిన పాత దుకాణాల గుర్తులు. 9వ నంబరు పసుపు రంగు ఇంటి మూడో అంతస్తులో 1756 జనవరి 27న మొజార్ట్ పుట్టాడు. లోపల ఆయన చిన్నప్పటి వయొలిన్ ఉంది. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే టికెట్ కొని పైకి వెళ్లండి. లేకపోతే బయటి నుంచి చూసి ముందుకు సాగండి, మెట్లు ఎక్కువ, గదులు చిన్నవి, పెద్దవాళ్లకు ఆయాసమే మిగులుతుంది.

పదకొండు గంటలకు రెసిడెన్స్‌ప్లాట్స్ చౌకులో ఉండేలా చూసుకోండి. 35 లోహపు గంటలు వేలాడే గోపురం రోజుకు మూడుసార్లు, ఉదయం 7, 11, సాయంత్రం 6 గంటలకు పాట వాయిస్తుంది. పక్కనే మొజార్ట్‌కు బాప్తిస్మం ఇచ్చిన ప్రధాన చర్చి. ఇప్పుడున్న కట్టడాన్ని 1628లో ప్రతిష్ఠించారు.

ఏడో మెట్టు: కోట, దాని కింది రొట్టెల కొట్టు

హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోటను 1077లో కట్టడం మొదలుపెట్టారు. శత్రువులెవరూ దాన్ని బలప్రయోగంతో పట్టుకోలేకపోయారు. 1800లో ఫ్రెంచి సైన్యం వచ్చినప్పుడు పోరాటం లేకుండానే అప్పగించేశారు. కొండ ఎక్కడానికి 1892 నుంచి తాడుతో లాగే రైలు ఉంది, నిమిషంలో పైకి చేరుస్తుంది. నడక దారి చాలా నిటారు. పెద్దవాళ్లు, పిల్లల బండి ఉంటే రెండో ఆలోచన వద్దు.

మధ్యాహ్నం దాటితే కింద క్యూ పెరుగుతుంది. గంటల పాట వినగానే నేరుగా కోటకు వెళ్లమని చెప్పేది అందుకే. పైన అన్ని మ్యూజియాలూ చూడనక్కర్లేదు. ఉత్తరం వైపు ప్రాకారం నుంచి నది, చర్చి గుమ్మటాలు, మనం నడిచి వచ్చిన దారి మొత్తం కనిపిస్తుంది. దక్షిణం వైపు ఉంటర్స్‌బర్గ్ పర్వతం. పెద్దవాళ్లను నీడలో కూర్చోబెట్టి, పిల్లలను తీసుకుని ఒక చుట్టు తిరిగి రండి. గంటన్నర చాలు.

దిగాక ఆ తాడు రైలు కింది స్టేషన్ దగ్గరలోనే సెయింట్ పీటర్ మఠం వాళ్ల రొట్టెల కొట్టు ఉంది. చాలామంది గమనించకుండా దాటిపోతారు. నా మటుకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. బయట నీటి చక్రం గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఆ నీళ్లు ఆల్మ్ కాలువవి. 1137 నుంచి 1143 దాకా కొండ అడుగున సొరంగం తొలిచి ఆ కాలువను ఊళ్లోకి తెచ్చారు. కొన్ని మెట్లు దిగితే తక్కువ ఎత్తు కప్పు ఉన్న గది, కట్టెల పొయ్యి, పిండి అంటిన చేతులతో రొట్టెలు తీసే మనుషులు. పులిసిన రై పిండితో చేసిన బరువైన నల్ల రొట్టె తూచి అమ్ముతారు. పైపెచ్చు గట్టిగా, లోపల తడిగా, కాస్త పుల్లగా ఉంటుంది. పిల్లలకైతే తియ్యటి మెత్తని చిన్న రొట్టెలు దొరుకుతాయి. ఆదివారం మూసి ఉంటుంది.

భోజనానికి కట్టుకెళ్లిన డబ్బాలు కాపిటెల్‌ప్లాట్స్ చౌకులో తెరవండి. బంగారు గోళం మీద నిలబడ్డ మనిషి విగ్రహం పక్కనే నేల మీద పెద్ద చదరంగం ఉంటుంది, పిల్లలకు అదే కాలక్షేపం. హోటల్లో తినాలనుకుంటే చీజ్ వేసిన కేజెస్పెట్స్‌లె శాకాహారులకు బాగుంటుంది, అందులో గుడ్డు ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. చీజ్ ఉండల సూప్ పేరులో మాంసం కనిపించకపోయినా, అది తరచూ గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లలో వడ్డించేదే. అడగకుండా తెప్పించకండి.

తినుబండారాల సంగతి వచ్చింది కాబట్టి, మొజార్ట్ చాక్లెట్ ఉండలు ఊరంతా ఎర్ర, బంగారు కాగితాల్లో అమ్ముతారు. 1890లో వాటిని మొదట చేసినవాడు పౌల్ ఫ్యూర్స్ట్. ఆ దుకాణం వాళ్లు ఇప్పటికీ చేత్తోనే చేస్తారు, వాటి కాగితం వెండి, నీలం రంగుల్లో ఉంటుంది. ఊరికి తీసుకెళ్లాలంటే అవే కొనండి.

ఎనిమిదో మెట్టు: మధ్యాహ్నం

ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపు వెళ్తే, పిల్లలుంటే, సందేహం లేకుండా హెల్‌బ్రున్. ఊళ్లో నుంచి 25వ నంబరు బస్సు తీసుకెళ్తుంది. ఆర్చిబిషప్ మార్కస్ సిట్టికస్ 1613లో కట్టించడం మొదలుపెట్టిన ఈ విహార భవనం తోటలో అడుగడుగునా దాచిపెట్టిన నీటి చిమ్ముళ్లు. రాతి బల్ల చుట్టూ రాతి పీటలుంటాయి. అతిథులు కూర్చున్న పీటల్లోంచి నీళ్లు చిమ్ముతాయి, ఆర్చిబిషప్ పీట ఒక్కటే పొడిగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ల కిందటి తుంటరి పని ఇప్పటి పిల్లలను కూడా పడీపడీ నవ్విస్తుంది. ఇంకో మూల నీటి శక్తితో కదిలే బొమ్మల రంగస్థలం ఉంది. కసాయివాడు, మంగలి, సైనికులు, నాట్యం చేసేవాళ్లు, ఒక పట్టణం మొత్తం అంచెలంచెలుగా పేర్చి ఉంటుంది. అచ్చం మన సంక్రాంతి బొమ్మల కొలువు లేచి కదులుతున్నట్టు ఉంటుంది. ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. ఆ జత బట్టలు ఇక్కడికే.

కోట, హెల్‌బ్రున్, మొజార్ట్ ఇల్లు, బస్సులు అన్నీ వాడేటట్టయితే 24 గంటల సాల్జ్‌బర్గ్ కార్డు కలిసొస్తుంది. కోట ఒక్కటే చూసేవారు విడి టికెట్ కొనుక్కోవడమే లాభం. కుటుంబంలో అందరికీ ఒకే రకం కొనాలని కూడా లేదు.

పెద్దవాళ్లు అలసిపోతే వాళ్లను హెల్‌బ్రున్‌కు లాక్కెళ్లకండి. ఒకరు పిల్లలతో వెళ్లండి, ఇంకొకరు పెద్దవాళ్లతో నది ఒడ్డున కూర్చోండి. పిల్లలతో వెళ్లినవారు ఫోనులో చెప్పి నేరుగా స్టేషన్‌కు వస్తే సరిపోతుంది.

కారులో వెళ్లేవారికి

మ్యూనిక్ నుంచి 145 కిలోమీటర్లు. ఆస్ట్రియా మోటారు రహదారులకు విన్యెట్ అనే రుసుము ఉంది. వాల్సర్‌బర్గ్ సరిహద్దు నుంచి సాల్జ్‌బర్గ్ నోర్డ్ దాకా ఏ1 రహదారికి 2019 డిసెంబరు నుంచి మినహాయింపు ఇచ్చారు. దక్షిణంగా ఏ10 ఎక్కితే మాత్రం విన్యెట్ ఉండాల్సిందే. మెరిసే జాకెట్, ప్రథమ చికిత్స పెట్టె కారులో తప్పనిసరి. తిరుగు దారిలో సరిహద్దు తనిఖీ వల్ల వాహనాలు బారులు తీరుతాయి, ఆదివారం సాయంత్రం మరీ ఎక్కువ. పిల్లలతో రైలే నయం.

తొమ్మిదో మెట్టు: తిరుగు ప్రయాణం

ఐదు, ఆరు గంటల మధ్య రైలు పట్టుకోండి. స్టేషన్‌కు ఇరవై నిమిషాలు ముందే చేరి, బోర్డు మీద ఆర్‌ఈ 5 ఏ ప్లాట్‌ఫారం నుంచో చూసుకోండి. ఈసారి సరస్సు కుడివైపు వస్తుంది.

పాస్‌పోర్టులు, కార్డులు అన్నీ ఒకే కవరులో పెట్టి, ఆ కవరు ఒకే మనిషి చేతిలో ఉంచండి. పెట్టెలో అడుగున, పెరుగన్నం డబ్బాల కింద ఉండకూడదు. ఫ్రైలాసింగ్‌లో రైలు కొంతసేపు ఆగవచ్చు. పోలీసులు అడిగితే కవరు ఇచ్చి, ఎవరు ఎవరికి ఏమవుతారో మీరే చెప్పండి. పెద్దవాళ్లకు భాష రాకపోయినా ఫర్వాలేదు, వాళ్ల వీసా పేజీ ముందే తెరిచి పెట్టండి. నిద్రపోతున్న పిల్లలను లేపనక్కర్లేదు, ముఖం కనిపిస్తే చాలంటారు చాలాసార్లు. తనిఖీ వల్ల రైలు ఆలస్యమై రోజెన్‌హైమ్‌లోనో మ్యూనిక్‌లోనో తర్వాతి బండి తప్పినా, బయర్న్ టికెట్ తెల్లవారుజామున 3 దాకా చెల్లుతుంది, మ్యూనిక్ నగర రైళ్లలో, బస్సుల్లో కూడా. మిగిలిన పులిహోర ఆ వేళకే పనికొస్తుంది.